పిట్టగోడ మీద కుండీలు దించు

బుజ్జీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, "నీ మేనకోడలు జినియా పూలు వేస్తోందట వదినా, మొక్కలు కొనకుండా విత్తనం నుంచే" అంది. కుండీలో మట్టి తిని దెబ్బలు తిన్న గుంటవి, ఇంతదానివైపోయావా అని మురిసిపోయాను. తరవాత నువ్వు పెట్టిన ఫోటో చూశాను. మేడ మీద పిట్టగోడ పొడుగునా ఏడు కుండీలు. కింద వాకిట్లో నీ కొడుకు సైకిలు.

ముందు మామూలు సంగతులు చెప్పేస్తాను. విత్తనం పావంగుళం లోతు చాలు, వారంలోపే మొలుస్తుంది. ఎండ బాగా కావాలి. వేరు కదిపితే దీనికి గిట్టదు, అందుకని నారు పోసే పని పెట్టుకోకు, పెరిగే చోటే వెయ్యి. జానెడు ఎదిగాక పై చివర గిల్లెయ్, పక్క కొమ్మలొస్తాయి. రెండు నెలలకి పువ్వు చూస్తావు.

నీళ్ళ దగ్గరే నేను చెడ్డాను. 2017లో బావి పక్కన మడి చేసి ప్యాకెట్ మొత్తం చల్లేశాను. ఒక్క మొలక పీకడానికి కూడా చెయ్యి రాలేదు. పైగా రోజూ సాయంత్రం చెంబుతో నెత్తి మీంచి పోసేదాన్ని. ఓ రోజు చూస్తే ఆకుల మీద ముగ్గుపిండి రాలినట్టు తెల్లగా ఉంది. బూడిద తెగులు. అంతరిక్ష కేంద్రంలో కూడా జినియాలు పెంచారట, 2016 జనవరిలో పూసిందట. అంతకుముందు అక్కడా తడి ఎక్కువై బూజు పట్టిందట. అంత ఎత్తుకెళ్ళినా దాని బుద్ధి మారలేదు! మొక్కకీ మొక్కకీ జానెడు ఎడం ఉంచు. నీళ్ళు పొద్దున్నే, మొక్క మొదట్లోనే పొయ్యి.

మరుసటేడు గాలి తగలాలని తెలివి తెచ్చుకుని, పదకొండు కుండీలు పిట్టగోడ ఎక్కించాను. 2018 అక్టోబరు 10 సాయంత్రం, తిత్లీ తుఫాను వస్తోందని మైకులో చెప్పి వెళ్ళారు. మీ మావయ్య దించేద్దామన్నారు. "మొగ్గలు విరిగిపోతాయి, పొద్దున్న చూద్దాం" అన్నాను. తెల్లవారుజామున వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటింది. పలాసలో మా ఇంటి మీద ఆ గాలి ఎలా అరిచిందో చెప్పలేను. చీకట్లో ఒక్కో కుండీ పడుతున్న చప్పుడు లెక్కపెడుతూ కూర్చున్నాను. ఆరోది కింద పాక మీద పడింది, లోపల దూడ అరిచింది. వద్దంటున్నా ఆయన వెళ్ళారు. ఏడోది ఆయన కాళ్ళ దగ్గరే పగిలింది. పెంకు మడమ కోసేసింది. కరెంటు లేదు, రోడ్డుకి అడ్డంగా కొబ్బరిచెట్లు. పాత చీర చింపి కట్టాను. ఉద్దానంలో జనం తోటలకి తోటలే పోగొట్టుకున్నారు, కుండీల కోసం ఏడవడానికి సిగ్గేసింది. ఇన్నేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. ఎత్తి తిట్టినా బాగుండును.

మీ విజయనగరాన్ని హుద్‌హుద్ తుఫాను ఊపేసింది కూడా అక్టోబరులోనే, 2014లో 12వ తారీకున. వినాయక చవితి వెళ్ళాక నువ్వు విత్తితే మొక్కలు మొగ్గ తొడిగేది సరిగ్గా ఆ రోజులకే. వెయ్యొద్దనడం లేదే తల్లీ. కింద గోడ వారన, ఎండ పడే చోట పెట్టుకో, చాలు.

కోసేటప్పుడు ఒక కిటుకు. పువ్వుకి జానెడు కింద కాడ పట్టుకుని మెల్లగా ఊపు. తల వేలాడేస్తే ఇంకా పచ్చి. పుల్లలా నిలబడితే కొయ్యి, గ్లాసులో నిలుస్తుంది. రెండు మూడు పువ్వులు చెట్టునే ఎండనియ్యి. రేకు అడుగున బాణం ములికిలా ఉంటుందే, అదే విత్తనం. నీది హైబ్రిడ్ ప్యాకెట్ అయితే మటుకు వచ్చే ఏడు అదే పువ్వు వస్తుందని ఆశపడకు.

నా ఎర్రవాటి విత్తనాలు కాగితంలో పొట్లం కట్టి మావయ్య చేతికిస్తున్నాను. ఆదివారం ప్యాసింజరుకి దిగుతారు. కుండీలు గోడ మీద కనబడితే నిన్నేమీ అనరు, చొక్కా చేతులు మడిచి ఒక్కొక్కటీ ఆయనే దించుతారు. ఆ పని ఆయన చేత చేయించకు.

నీ అత్త