రాళ్లు కోస్తానంటున్న అమ్మాయి: యంత్రం కొనాలా? దీన్ని నమ్ముకుని చదువు ఎంచుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. మూడేళ్లుగా ఎక్కడికెళ్లినా రాళ్లు ఏరుకొస్తోంది. మంచం కింద పెట్టెలన్నీ నిండిపోయాయి. ఇప్పుడు వాటిని కోసి, సానపట్టి, లాకెట్లలో పొదిగేలా చేస్తానంటోంది. ఇంట్లో టైల్స్ కోసే చేతి గ్రైండర్ ఉంది, దాంతో మొదలుపెడతానని పట్టు. వద్దంటే యంత్రం కొనమంటోంది. వాళ్ల నాన్నగారేమో ఇది చదువు చెడగొట్టే పిచ్చి అంటున్నారు. దీనికేమైనా భవిష్యత్తు ఉందా? ఏ చదువు వైపు పంపాలి?

జవాబు: అమ్మా, ముందు గ్రైండర్ సంగతి తేల్చేద్దాం, చదువు మాట తర్వాత. ఆ గ్రైండర్ ఇవాళే తీసి లోపల పెట్టేయండి.

పలుగురాయి (క్వార్ట్జ్), అగేట్, జాస్పర్ అన్నీ సిలికాయే, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. ఈ సరదాలో చేతికొచ్చే రాళ్లలో ఎక్కువ భాగం అవే. పొడిగా కోసినప్పుడు లేచే ధూళిలో మన కంటికి కనిపించేదాని కంటే కనిపించనిదే ఎక్కువ హాని చేస్తుంది. అది ఊపిరితిత్తుల లోతుల్లోకి వెళ్లి అక్కడే ఉండిపోయి మచ్చలు కడుతుంది. ఆ జబ్బే సిలికోసిస్. దెబ్బతిన్న ఊపిరితిత్తిని మళ్లీ మామూలుగా చేసే మందు లేదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో స్ఫటిక సిలికా ధూళిని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. అగేట్ పూసలకు పేరుపడ్డ గుజరాత్‌లోని ఖంభాత్‌లో సానపట్టే పనివాళ్లను తరాలుగా తినేస్తున్నది ఈ ధూళే.

దీనికి విరుగుడు నీళ్లు. బ్లేడు గానీ చక్రం గానీ రాయిని తాకే చోట నీళ్లు ఆగకుండా పడాలి. అలాగని చేతి గ్రైండర్ మీద మగ్గుతో నీళ్లు పోస్తూ కోస్తే కరెంటు షాక్ కొడుతుంది, ఆ మోటారు తడి పనికి చేసింది కాదు. నీళ్ల తొట్టితో వచ్చే రంపం వేరే ఉంటుంది. తడి పని చేసినా ఎన్95 స్థాయి మాస్కు, కళ్లద్దాలు ఉండాల్సిందే. పని అయ్యాక బురదను తడిగా ఉన్నప్పుడే తుడిచేయాలి. ఎండనిచ్చి ఊడిస్తే ఆ ధూళే మళ్లీ గాల్లోకి లేస్తుంది. సీసం ఉండే గెలీనా, పాదరసం ఉండే సిన్నబార్, నారలుగా ఊడొచ్చే ఆస్బెస్టాస్ రకాలు పెట్టెలోనే ఉండాలి, వాటిని కోయకూడదు. ఏమిటో తెలియని రాయిని అసలే కోయకూడదు.

ఇక భవిష్యత్తు. రాళ్ల సరదా పైకి ఒక్కటే అనిపిస్తుంది గానీ అందులో మూడు పనులున్నాయి: వెతికి తెచ్చి నమోదు చేయడం, అదేమిటో తేల్చడం, కోసి సానపట్టడం. మీ అమ్మాయి ఈ మూడింట్లో ఎక్కడ విసుగు లేకుండా గంటలు కూర్చుంటుందో చూడండి. ఏ చదువన్నది దాన్నిబట్టే తేలుతుంది. కాబట్టి యంత్రం కొనేముందు ఆ పెట్టెలు తెరిపించండి.

తెరిచాక ముందు చూడాల్సింది చీటీలు. ఏ రాయి ఎక్కడ, ఏ తేదీన, ఏ శిలలోంచి వచ్చిందో రాసి ఉందా? లేకపోతే ఆ పని ఈ నెలే మొదలుపెట్టించండి. రాయి వెనక, కనిపించని చోట, గోరంత తెల్ల ఆక్రిలిక్ రంగు పూసి, ఆరాక నల్ల ఇండియన్ ఇంకుతో అంకె వేసి, పైన పారదర్శక వార్నిష్ ఒక పూత వేయాలి. అదే అంకెతో నోటుపుస్తకంలో వరస: దొరికిన చోటు (ఫోన్ చూపించే అక్షాంశ రేఖాంశాలతో సహా), తేదీ, ఎవరి అనుమతితో తీసుకుంది, చుట్టూ ఉన్న శిల ఏమిటి, చేసిన పరీక్షలు. చోటు తెలియని రాయి ఎంత అందంగా ఉన్నా శాస్త్రానికి దాదాపు పనికిరాదు. రేపు ఏ జియాలజీ విభాగంలోనో మ్యూజియంలోనో ఆమె చూపించాల్సింది ఈ పుస్తకాన్నే. సర్టిఫికెట్ల కంటే అది ఎక్కువ చెబుతుంది. స్థలం యజమాని అనుమతి లేకుండా, రక్షిత ప్రాంతాల్లో, పనిచేస్తున్న క్వారీ గోడల కింద ఏరడం మాత్రం మాన్పించండి.

రెండో పని, గుర్తించడం. ఖనిజ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ మోస్ 1812లో ఇచ్చిన కాఠిన్యపు వరస ఇప్పటికీ పనిచేస్తోంది, పెద్ద అంకెది చిన్న అంకెదాన్ని గీస్తుంది: గోరు 2.5, మామూలు గాజు, కత్తి సుమారు 5.5, పలుగురాయి 7. ఇందులో కొత్తవాళ్లు పదేపదే పడే పొరపాటు ఒకటుంది. గట్టి రాయిని కత్తితో గీస్తే కత్తి అరిగి లోహపు గీత పడుతుంది, దాన్ని రాయి మీద పడ్డ గీత అనుకుంటారు. తడి వేలితో రుద్ది, గోటితో తడిమి చూడాలి. గాడి తగిలితేనే గీత. వాతావరణానికి గుల్లబారిన పైపొర మీద గీసినా తప్పు ఫలితమే వస్తుంది, తాజాగా పగిలిన ముఖం మీద గీయాలి.

సాంద్రతకు వంటింటి డిజిటల్ త్రాసు చాలు. రాయిని తూచండి, 53 గ్రాములు వచ్చిందనుకుందాం. తర్వాత నీళ్ల గ్లాసును త్రాసు మీద పెట్టి సున్నా చేసి, రాయిని దారంతో వేలాడదీసి పూర్తిగా ముంచండి. అడుగుకూ గోడకూ తగలకూడదు. ఇప్పుడు 20 గ్రాములు చూపిస్తే 53ను 20తో భాగించాలి: 2.65, అంటే పలుగురాయి కావచ్చు. కానీ కాల్సైట్ 2.71. చిన్న రాయి మీద వంటింటి త్రాసు ఆ తేడా పట్టలేదు. అప్పుడు కత్తి పరీక్ష తేలుస్తుంది, కాల్సైట్ కాఠిన్యం 3 కాబట్టి గీత పడిపోతుంది. ఒక్క పరీక్షతో పేరు పెట్టకూడదని, రెండు మూడు కలిపి చూడాలని ఆమెకే తట్టిందంటే అది శాస్త్రం చదవగల బుర్ర. ఆమె ఈ లెక్క ఇష్టంగా చేస్తోందా, తప్పదని చేస్తోందా అన్నది పక్కనుండి గమనించండి.

యంత్రం విషయానికొస్తే, రంపం మొదటి మెట్టు కాదు. టంబ్లర్ కొనండి, రోలర్ల మీద నెమ్మదిగా తిరిగే రబ్బరు డబ్బా. సుమారు 1.3 కిలోలు పట్టే డబ్బా అయితే మూడింట రెండొంతుల నుంచి ముప్పావు దాకా రాళ్లు నింపి, 60/90 సిలికాన్ కార్బైడ్ గ్రిట్ (రాయిని అరగదీసే పొడి, అంకె పెరిగేకొద్దీ సన్నం) నాలుగు టేబుల్ స్పూన్లు వేసి, పై రాళ్లు కొంచెం బయటకి కనిపించేంత వరకు నీళ్లు పోసి వారం రోజులు రాత్రింబవళ్లు తిప్పాలి. తర్వాత 120/220తో ఒక వారం, 500తో ఒక వారం, చివర అల్యూమినియం ఆక్సైడ్ పాలిష్‌తో ఒక వారం. మొదటి వారం తర్వాత ఇంకా గుంటలున్న రాళ్లు ముందుకు వెళ్లకూడదు, వాటికి గరుకు గ్రిట్ మరో వారం పడాలి. తొందరపడేవాళ్లు తప్పేది ఇక్కడే.

చెడిపోవడానికి కారణాలూ తెలిసినవే. డబ్బా సగమే నింపితే రాళ్లు దొర్లకుండా ఎత్తు నుంచి పడి, ఒంటి మీద నెలవంకల్లాంటి చీలికలు తెచ్చుకుంటాయి. మెత్తటి రాయినీ గట్టి రాయినీ కలిపి వేస్తే మెత్తటిది అరిగి బురదవుతుంది. బీటలున్న రాయి గరుకు గ్రిట్‌ను లోపల దాచుకుని పాలిష్ దశలో కక్కుతుంది, దాంతో డబ్బాలోని అన్ని రాళ్ల మీదా గీతలు పడతాయి. అందుకే దశ మారినప్పుడల్లా రాళ్లు, డబ్బా, మూత అంచులు బ్రష్షుతో కడగాలి. కొన్ని రాళ్లతో లోపల గ్యాస్ పుట్టి మూత ఉబ్బుతుంది, మొదటి రోజుల్లో ఒకసారి తెరిచి మూసేయాలి. ఆ బురదను సింకులో మాత్రం పోయొద్దు, పైపులో సిమెంటులా గట్టిపడిపోతుంది. బకెట్లో తేర్చి, పైనీళ్లు వంచేసి, ముద్దను తడిగానే సంచిలో కట్టి చెత్తలో వేయాలి.

నెల రోజులు ఆగి నాలుగు దశలూ సరిగా నడిపిన పిల్లకి కాబోషాన్ పని నేర్పించొచ్చు. అంటే అడుగు చదునుగా, పైన గుమ్మటంలా ఉండే రాయి. నీళ్ల రంపం ఉన్న వర్క్‌షాపులో పెద్దవాళ్ల పక్కన నేర్చుకోవడమే మేలు. 5-6 మిల్లీమీటర్ల పలకను తడిపి, గుడ్డతో తుడిచి, వెలుతురులో పట్టుకుంటే బీటలున్న చోట తడి గీతలుగా మిగిలిపోతుంది. ఆ చోటు వదిలేసి టెంప్లేట్‌తో, అలవాటుకు 18×13 మిల్లీమీటర్ల కోడిగుడ్డు ఆకారం, వెనక వైపు గీయాలి. పెన్సిల్ గీత నీళ్లకి పోతుంది కాబట్టి మొన తేల్చిన అల్యూమినియం లేదా ఇత్తడి పుల్ల వాడతారు. గీత బయట ఒకటి రెండు మిల్లీమీటర్లు వదిలి కోసి, గీతదాకా అరగదీసి, డాప్ మైనంతో పుల్లకు అతికిస్తారు. రాయిని మెల్లగా వేడిచేయాలి. చల్లగా ఉంటే మైనం పట్టక చక్రం మీద ఊడిపోతుంది, ఒక్కసారిగా కాలిస్తే రాయే పగులుతుంది.

అంచున ఒక మిల్లీమీటరు నిటారుగా ఉంచి, పైన 45 డిగ్రీల వాలు, దాని పైన ఇంకో వాలు తీసి, ఆ మెట్లను గుండ్రంగా కలిపేస్తారు. చక్రాలు 80, 220, 600, 1200, 3000 వరసలో మారతాయి. పలుగు జాతి రాళ్లకు చివరి మెరుగు తోలు లేదా ఫెల్ట్ మీద సీరియం ఆక్సైడ్‌తో వస్తుంది. అసలు పనితనమంతా చూపులో ఉంటుంది. తడి రాయి గీతల్ని దాచేస్తుంది, అందుకే ప్రతి చక్రం తర్వాత రాయిని పూర్తిగా ఆరబెట్టి దీపం కింద వాల్చి చూడాలి. ట్యూబులైట్ ప్రతిబింబం గుమ్మటం మీద జారుతూ ఎక్కడైనా గెంతితే అక్కడ చదును ఉన్నట్టు. 600 దగ్గర లోతు గీత కనిపిస్తే అది 80 మిగిల్చిందే. 600 మీద ఎంతసేపు రుద్దినా పోదు, 220కి వెనక్కి వెళ్లాలి. ఇలా వెనక్కి వెళ్లడానికి చిరాకు పడని పిల్లలు ఏ ప్రయోగశాలలోనైనా రాణిస్తారని నా గట్టి అభిప్రాయం.

ముఖాలు తీర్చే ఫేసెటింగ్ ఆ తర్వాత. ఇందులో లెక్కలు కళ్లముందు కనిపిస్తాయి. క్వార్ట్జ్ వక్రీభవన గుణకం సుమారు 1.544, కాబట్టి సందిగ్ధ కోణం, అంటే దాటితే వెలుగు బయటికి పోకుండా రాయి లోపలికే తిరిగే కోణం, సుమారు 40.4 డిగ్రీలు. అడుగు ముఖాలను 43 దగ్గర కోస్తే వెలుగు వెనక్కి తిరిగి మెరుస్తుంది. 40కి దిగితే మధ్యలో కిటికీ తెరుచుకుని, రాయి కింద పెట్టిన అక్షరాలు చదవగలుగుతాం. రాయిని కొలత ప్రకారం తిప్పే 96 పళ్ల చక్రం మీద ఎనిమిది ముఖాలంటే పన్నెండేసి పళ్లకొకటి. భౌతికశాస్త్రంలో కాంతి పాఠం అంటే భయపడే పిల్లకి ఇంతకంటే మంచి ట్యూషన్ లేదు.

ఇప్పుడు చదువులు. చీటీలు, చోట్లు, శిలల కథ ఇష్టమైతే జియాలజీ. కానీ ఆ ఉద్యోగాల్లో మెరిసే స్ఫటికాలు తక్కువ. భూగర్భజలాలు, ఖనిజ నిల్వలు, ఆనకట్టలు, పునాదులు ఎక్కువ. పెట్టెలోంచి ఏ మెరుపూ లేని ఒక నల్లరాయి తీసి దాని గురించి అడగండి. దానికీ ఉత్సాహంగా జవాబిస్తే ఆ దారి ఆమెదే. పరీక్షలతో తేల్చడం ఇష్టమైతే జెమాలజీ ఉంది: రిఫ్రాక్టోమీటర్, పోలారిస్కోప్, మైక్రోస్కోప్‌తో సహజమైన రాయినీ ప్రయోగశాలలో పుట్టించినదాన్నీ వేరుచేసే పని. 1931లో స్థాపించిన అమెరికా జెమాలజీ సంస్థ జీఐఏ, బ్రిటన్‌లోని జెమ్-ఏ ఇచ్చే డిప్లొమాలకు ఈ రంగంలో గుర్తింపుంది. ఖర్చు తక్కువేం కాదు, అందుకే ముందు సైన్సు డిగ్రీ చేసి తర్వాత ఇటు రావడం మంచిదంటాను. రంగులు గుర్తించడంలో లోపం ఉందేమో కళ్ల డాక్టరుతో ఇప్పుడే చూపించండి, ఈ పనిలో అది అడుగడుగునా అడ్డొస్తుంది.

చేతిపనే ప్రాణమైతే, సానపట్టి అమ్ముకుని బతకడం కష్టమని ముందే చెప్పండి. మామూలు కొలతల రాళ్లు పెద్ద ఎత్తున, తక్కువ కూలికి తయారవుతాయి. జర్మనీలో ఇడార్-ఒబర్‌స్టైన్‌లా తరాల పనితనం పోగుపడ్డ చోట్లే ప్రత్యేక పనికి తగిన ధర పలుకుతుంది. అయితే అవే చేతులకు జీతమిచ్చే పనులు వేరే ఉన్నాయి. శిలను గాజుపలకకు అతికించి 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసే థిన్ సెక్షన్ నిపుణులు విశ్వవిద్యాలయాలకూ గనుల ప్రయోగశాలలకూ కావాలి. మైక్రోస్కోప్‌లో ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన పోలరాయిడ్ల (కాంతిని వడకట్టే పలకల) మధ్య క్వార్ట్జ్ బూడిద రంగులో కనిపిస్తే మందం కుదిరినట్టు, పసుపు తిరిగితే ఇంకా తీయాలి, ఒక్క క్షణం ఎక్కువైతే నమూనా మాయం. లోహాల నమూనాలు పాలిష్ చేసే మెటలోగ్రఫీ, కటకాలు తయారుచేసే ఆప్టిక్స్, మ్యూజియంలో శిలాజాలు శుభ్రపరిచే పని కూడా ఇదే కోవలోవి.

ఏ దారైనా వచ్చే రెండేళ్లు లెక్కలు, భౌతిక, రసాయన శాస్త్రాలు వదలకుండా ఉంటే చాలు. వాళ్ల నాన్నగారితో ఈ మాట చెప్పండి: టంబ్లర్ తనంతట తనే తిరుగుతుంది, వారానికి గంటకు మించి పని అడగదు. పరీక్షల ముందు వారం దాన్ని ఆపాల్సిన పని కూడా లేదు. పడుకునే గదికి దూరంగా, ఒక పళ్లెంలో పెట్టించండి, రాత్రంతా చప్పుడు చేస్తుంది.