కొలిమి ప్రశ్నలు: చక్రం చదునుగా రావాలంటే

ప్రశ్న: అంతర్వేది తీర్థంలో చక్రస్నానం చూసొచ్చిన దగ్గర్నుంచి మా అబ్బాయికి చక్రాయుధం చేయాలని పట్టుదల. ఇంటి వెనక చిన్న కొలిమి ఉంది, సుత్తి పని కొంత వచ్చు. ఎలాంటి ఇనుము, ఎంత పొడవు తీసుకోవాలండీ?
– రావులపాలెం పాఠకుడు

జవాబు: గుళ్లో కనిపించే సుదర్శనం వేరు, యుద్ధంలో విసిరిన చక్రం వేరు. రెండోదానికి ఆకులుండవు, జ్వాలలుండవు. నడుమ ఖాళీగా ఉండే పల్చటి ఉక్కు కడియం అది. పంజాబు నిహంగులు (సిక్కు యోధుల్లో ఒక వర్గం) తలపాగాకు తొడుక్కునే చక్రాలు ఈ రకానివే. 1500ల తొలినాళ్లలో మన పడమటి తీరాన ఉన్న పోర్చుగీసు వాడు దువార్తె బర్బోసా కూడా వీటి గురించి రాశాడు: వెడల్పు రెండు వేళ్లంత, బయటి అంచుకు పదును, లోపలి అంచు మొద్దు. ఆ కొలత ఇప్పటికీ సరిపోతుంది.

బయటి వ్యాసం 20 సెంటీమీటర్లు, పట్టీ వెడల్పు 25 మిల్లీమీటర్లు, మందం 3 మిల్లీమీటర్లకు కాస్త లోపు పెట్టుకోండి. మొదటి చక్రానికి 10 మి.మీ. గుండ్రటి మెత్తని ఇనుప చువ్వ చాలు. స్లాబులో వాడే గాట్ల చువ్వ వద్దు. దాని పైపొర ఒక తీరు, లోపలి భాగం ఒక తీరు కావడంతో దెబ్బకు సమంగా సాగదు. జింకు పూత ఉన్న ఇనుమైతే కొలిమి దరిదాపుల్లోకి కూడా తేవద్దు. తీరం ఊళ్లలో పాత పైపులు, ఫెన్సింగు తీగలు ఎక్కువగా ఈ పూతవే. ఎర్రగా కాలితే వచ్చే తెల్లటి పొగ పీలిస్తే ఆ రాత్రికే చలిజ్వరం పట్టుకుంటుంది.

పొడవు లెక్క ఇది. పట్టీని వెడల్పు చేసేటప్పుడు కడియం కాస్త పెరుగుతుంది కాబట్టి 17.5 సెం.మీ. నడి వ్యాసానికి (పట్టీ నడుమ నుంచి నడుమకు కొలిచేది) బదులు 17తో మొదలుపెట్టాలి. 17ను 3.14తో గుణిస్తే 53.4. చివర్లు లావు చేసి ఒకదానిపై ఒకటి ఎక్కించడానికి మరో 3.5 కలిపితే దాదాపు 57 సెం.మీ. అంత చువ్వ 350 గ్రాములు తూగుతుంది. కాలిన పైపొర పొట్టుగా రాలడం, ఆకురాయి అరుగుదల పోను 280 నుంచి 300 గ్రాముల చక్రం చేతికొస్తుంది.

బద్దీ ఇనుము (చదునైన పట్టీ) తెచ్చి అంచు మీద వంచుదామని చాలామంది అనుకుంటారు. అది వంగేటప్పుడు లోపలి అంచు ముడతలు పడుతుంది, బయటి అంచు పల్చబడుతుంది, పట్టీ పక్కకు తిరగబడుతుంది. అందుకే ముందు గుండ్రటి చువ్వను 16 సెం.మీ. గొట్టం చుట్టూ వంచి, అతికి, ఆ తర్వాతే చదును చేయాలి. ఎడ్లబండి చక్రానికి పట్టా చుట్టిన కమ్మరులు మీ ఊళ్లో ఇంకా ఉంటే, చుట్టుకొలత చూడడం, అతుకు వేయడం వారి దగ్గర ఒక్క పూట కూర్చుని చూడండి. ఈ పనిలో సగం అక్కడే ఉంది.

ప్రశ్న: కడియం అతికాను. చూడ్డానికి బాగానే ఉంది. వెడల్పు చేస్తుంటే సరిగ్గా అతుకు దగ్గరే నోరు తెరుచుకుంది. మూడుసార్లు ఇదే వరస. కారణం ఏమిటి?
– తణుకు పాఠకుడు

జవాబు: మూడుసార్లూ ఒకే చోట విడిపోయిందంటే లోపం మీ సుత్తిలో లేదు, అతుకు లోపల ఉంది. పైపైన పట్టింది, నడుమ మాత్రం చిట్టెం (కాలిన ఇనుము మీద కట్టే మడ్డి) ఇరుక్కుపోయింది.

ముందుగా రెండు చివర్లనూ కాల్చి, కొన మీద కొట్టి, 12 మి.మీ. దాకా లావెక్కించండి. ఈ మెట్టు దాటేస్తే అతుకు చోట సన్నబడి తీరుతుంది. తర్వాత ఒక్కో చివరనూ 2 సెం.మీ. మేర ఏటవాలు చేయండి. ఆ ముఖం నడుమ కాస్త ఉబ్బుగా ఉండాలి. గుంటగా ఉంటే అంచులు ముందు మూసుకుని, కరిగిన చిట్టెం లోపలే ఉండిపోతుంది. ఉబ్బుగా ఉంటే తొలి దెబ్బకే అది పక్కలకు చిమ్ముతుంది (అందుకే ఆ సమయంలో ఎదురుగా ఎవరూ నిలబడకూడదు).

చివర్లను ముదురెరుపు దాకా కాల్చి, తీగ బ్రష్షుతో రుద్ది, వెలిగారం చల్లండి. అది కరిగి తేనెలా పరుచుకున్నాక మళ్లీ నిప్పుల్లో పెట్టండి. నిమ్మపండు పసుపు దాటి తెలుపుకు దగ్గరవుతూ, పైన నెయ్యి రాసినట్టు తడి మెరుపు కనిపించినప్పుడే తీయాలి. అప్పటికి వేడి 1250 డిగ్రీలు దాటి ఉంటుంది. మతాబులా రవ్వలు చిమ్మితే ఇనుము మాడిపోయిందన్నమాట. ఆ ముక్క కోసేయడమే, బాగుచేయడం కుదరదు.

తీశాక మీకున్నది రెండు మూడు సెకన్లే. 10 మి.మీ. చువ్వ వేడిని దాగలి (సుత్తి దెబ్బకు కింద ఆనే ఇనుప పీట) లాగేసుకుంటుంది. అందుకే దాగలి మీద ముందే ఓ కాల్చిన ఇనుప దిమ్మ పెట్టి వెచ్చబరచండి. బలంగా కొట్టొద్దు. తేలిక దెబ్బలు, త్వరత్వరగా, నడుమ నుంచి అంచుల వైపు వేయండి. వెంటనే మళ్లీ వెలిగారం చల్లి రెండో కాక పెట్టండి. ఒక్క కాకతో సరిపెట్టడం మీ మూడు వైఫల్యాలకు ఒక కారణం అయ్యుండొచ్చు.

ఇక వెడల్పు చేసే తీరు. అడ్డమూతి సుత్తి (పిడికి అడ్డంగా సన్నటి మూతి ఉండేది) వాడండి. ఇనుము ఆ మూతి గీతకు అడ్డంగా సాగుతుంది. గీతను చక్రం చుట్టు వెంట ఉంచి కొడితే వెడల్పు పెరుగుతుంది, చుట్టుకొలత పెద్దగా పెరగదు. చుట్టును సుద్దతో ఎనిమిది భాగాలు చేసి, 1 తర్వాత 5, తర్వాత 3, 7 ఇలా ఎదురెదురుగా కొట్టండి. అతుకున్న భాగాన్ని మాత్రం పసుపు కాకలోనే తాకాలి. ఎరుపులో తాకితే ఎంత మంచి అతుకైనా చీలుతుంది.

ప్రశ్న: మా రాజోలులో కొబ్బరి చిప్పలకు కొదవ లేదు. వాటి బొగ్గుతో అతుకు కాక వస్తుందా?
– రాజోలు పాఠకురాలు

జవాబు: నిక్షేపంగా వస్తుందమ్మా. బూడిద తక్కువ, గంధకం ఉండదు. రాక్షసి బొగ్గు కంటే అతుక్కి ఇదే శుభ్రం. పచ్చి చిప్పలు వేయొద్దు, తారు పొగతో ఇనుము ముఖం పాడవుతుంది. పూర్తిగా కాలిన బొగ్గును 2, 3 సెం.మీ. ముక్కలు చేసి జల్లించండి. గాలి గొట్టం పైన కనీసం 12 సెం.మీ. నిప్పు ఉండాలి, ఇనుము ఆ నిప్పుకు పైభాగంలో ఉండాలి. గాలి నోటికి దగ్గరగా పెడితే కాలని గాలి తగిలి పొట్టు కడుతుంది.

కొలిమికి మన నల్లమట్టి ఒక్కటే వాడితే ఆరగానే బీటలిస్తుంది. ఒక పాలు మట్టి, రెండు పాళ్లు ఇసుక, ఒక పాలు రైసుమిల్లు ఊకబూడిద కలపండి. కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ తప్పదు. కాలువ గట్టున ఉన్న ఇళ్లలో నేల చెమ్మ మీదికి ఎక్కుతుంది కాబట్టి కొలిమిని గుంటలో కాక ఇటుకల మీద ఎత్తుగా కట్టండి. చెమ్మ మట్టి ఒక్కసారి కాగితే పెచ్చులు ఎగిరిపడతాయి. చిప్ప బొగ్గు రవ్వలు బాగా విసురుతుంది. తాటాకు పాక, గడ్డివాము ఉన్న పక్కన, అందులోనూ ఎండాకాలం గాలిలో ఈ పని ససేమిరా వద్దు. మూసిన గదిలోనూ వద్దు, బొగ్గు పొగలో కంటికి కనిపించని విషం ఉంటుంది.

ప్రశ్న: లారీ కమాను పట్టీ నుంచి కడియం కోసి, ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచాను. అప్పడంలా వంకర తిరిగింది. కొట్టి సరిచేయబోతే విరిగింది.
– భీమవరం పాఠకుడు

జవాబు: కమాను ఉక్కుకు నీళ్లు పనికిరావు, నూనె కావాలి. వంకరకు అసలు కారణం మాత్రం ముంచకముందే ఉంది. మందం ఒకచోట 3, ఒకచోట 2 ఉంటే పల్చటి చోటు ముందు చల్లారి మిగతాదాన్ని లాగుతుంది. కోతలో, సానలో పుట్టిన బిగువు కూడా దానికి తోడవుతుంది.

మందం అంతటా సమం చేశాక, అయస్కాంతం అంటుకోవడం మానేసిన వేడిని (770 డిగ్రీల దగ్గర) కాస్త దాటించి, తీగకు వేలాడదీసి గాలిలో చల్లారనివ్వండి. ఇలా మూడుసార్లు. తర్వాత 830 డిగ్రీల వరకు కాల్చి, 50, 60 డిగ్రీలకు వెచ్చబెట్టిన ఐదు లీటర్ల వేరుశనగ నూనెలో నిలువుగా, తడబడకుండా దింపండి. పడకేసి దింపితే కింద ఆవిరి చేరి ఒక ముఖం ఆలస్యంగా చల్లారుతుంది. నూనె ఉక్కు పాత్రలోనే ఉండాలి, పక్కన మూత ఉండాలి. అంటుకుంటే మూత వేయాలి, నీళ్లు పోయకూడదు.

ఈ దశలో అది గాజుతో సమానం. మీది విరిగింది ఇక్కడే. 10 మి.మీ. మందం పలకలు రెండింటి నడుమ బిగించి, 280 నుంచి 300 డిగ్రీల్లో గంట చొప్పున రెండుసార్లు కాల్చండి. శుభ్రం చేసిన చోట నీలం రంగు తిరిగితే సరిపోయినట్టే. స్వల్ప వంకర ఆ బిగింపులోనే పోతుంది.

చదును చూడడానికి కడపబండ మీద పెట్టి వేలితో నొక్కండి. టకటకమంటే ఇంకా పని ఉంది. బయటి అంచు అలలుగా ఉంటే ఆ అంచు ఎక్కువ సాగిందని అర్థం, లోపలి అంచును కొట్టి సాగదీయాలి. పళ్లెంలా ఒక పక్కకు లేస్తే లోపలిది ఎక్కువ సాగింది, బయటి అంచును కొట్టాలి. ఈ దిద్దుబాట్లన్నీ గట్టిపరచకముందే జరగాలి. తర్వాత మేకుకు తగిలించి తిప్పి వదలండి. ప్రతిసారీ ఒకే చోటు కిందికొస్తే అక్కడ బరువు ఎక్కువ, లోపలి అంచున ఆకురాయి పట్టండి.

ప్రశ్న: పదును పెట్టి విసిరి చూడొచ్చా? తుప్పు పట్టకుండా ఏం రాయాలి?
– నరసాపురం పాఠకుడు

జవాబు: పదును పెట్టొద్దు. బయటి అంచును 1.5 మి.మీ. మందం ఉంచి గుండ్రంగా రుద్దండి. విసిరిన చక్రం నేలకు తగిలి ఎటు ఎగురుతుందో విసిరినవాడు కూడా చెప్పలేడు, మన ఊళ్లలో కొబ్బరితోట అవతల ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. చట్టం సంగతి కూడా ఉంది. ఆయుధాల నిబంధనలు 9 అంగుళాలు మించిన పొడవు, లేదా 2 అంగుళాలు మించిన వెడల్పు ఉన్న అలుగులను (ఆయుధంలో పదునుండే భాగాలను) వేరుగా చూస్తాయి. కొడవలి, కత్తిపీట లాంటి ఇంటి, పొలం పనిముట్లకు మినహాయింపు ఉంది, చక్రానికి ఆ సాకు లేదు. దీని అంచు చుట్టూ కొలిస్తే 60 సెం.మీ. పైమాటే.

తుప్పుకు అవిసె నూనె మేలు. చక్రాన్ని 200 డిగ్రీలకు వేడిచేసి, గుడ్డతో పల్చగా రాసి, నల్లబడ్డాక మళ్లీ రాయండి. మూడు పూతలు చాలు. సముద్రపు గాలి తగిలే ఇంట్లో వానాకాలం నెలకోసారి పొడిగుడ్డతో తుడిచి చుక్క కొబ్బరినూనె రాయండి. తోలు సంచిలో మాత్రం దాచొద్దు, తోలు చెమ్మ పట్టి ఇనుమును తినేస్తుంది.