పాడి ప్రశ్నలు: పొదుగువాపు మళ్లీ మళ్లీ ఎందుకొస్తోంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో పొదుగువాపు, అంటే సూక్ష్మజీవులు చేరి పొదుగుకు వచ్చే జబ్బు గురించినవే ఎక్కువ. వానాకాలం కదా, కొట్టాలన్నీ తడిగా ఉంటాయి, ఈగలు కూడా ఎక్కువే. అందుకే ఈసారి మొత్తం దీనికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ జాతి) ఆవు రెండో ఈత ఈని రెండు నెలలైంది. వెనక కుడి చన్ను గట్టిపడి పాలలో తునకలు వస్తుంటే మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ ట్యూబు తెచ్చి చన్నులోకి ఎక్కించాం. రెండు రోజుల్లో పాలు తెల్లగా వచ్చేశాయి, ట్యూబులు ఆపేశాం. కొన్నాళ్లకు మళ్లీ అదే, ఇప్పుడు మూడోసారి. దిష్టి తగిలిందని మా అత్తమ్మ అంటోంది. అమ్మేయమంటారా? – ఒక పాఠకురాలు, పలమనేరు

అమ్మా, అమ్మే మాట తర్వాత చూద్దాం. మీ ఆవుకు జబ్బు మూడుసార్లు రాలేదు, ఒక్కసారే వచ్చింది, అది ఇంకా పోలేదు. పాలు తెల్లగా రావడమంటే వాపు తగ్గిందని మాత్రమే, సూక్ష్మజీవి చచ్చిందని కాదు. ముఖ్యంగా స్టెఫైలోకోకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా ఉంటుంది, అది పొదుగు కండలోకి పోయి, కణాల లోపల కూడా దాక్కుని, చుట్టూ చిన్న చిన్న చీముగడ్డలు కట్టుకుంటుంది. మందు అక్కడిదాకా పూర్తిగా చేరదు. రెండు రోజులకే మందు ఆపితే మిగిలినవి మళ్లీ పెరుగుతాయి, పైగా ఆ మందుకు అలవాటు పడిపోయినవే మిగలొచ్చు. మీ ఆవులో ఉన్నది అదేనో కాదో పరీక్ష చేయకుండా నేను చెప్పలేను, కానీ మీరు రాసిన తీరు చూస్తే నా అనుమానం దాని మీదే.

అందుకే నాలుగో ట్యూబు కొనేముందు పాలు పరీక్షకు పంపండి. ఇది మందు వేయకముందే జరగాలి, వేశాక తీసిన పాలలో సూక్ష్మజీవి దొరక్కపోవచ్చు. చన్ను కడిగి, పొడిగుడ్డతో తుడిచి, మొన దగ్గర స్పిరిట్ దూదితో బాగా రుద్ది, మొదటి రెండు మూడు ధారలు వదిలేసి, తర్వాతి పాలు శుభ్రమైన, మూత ఉన్న సీసాలో పట్టాలి. సీసా మూతికి వేలు తగలకూడదు. దాన్ని ఐసు ముక్కల మధ్య పెట్టి అదే రోజు తీసుకెళ్లండి. మీకు తిరుపతి పశువైద్య కళాశాల దగ్గరే కదా. గన్నవరం, ప్రొద్దుటూరులోనూ ఉన్నాయి, తెలంగాణ వాళ్లకు రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు. ఏ సూక్ష్మజీవి, దానికి ఏ మందు పని చేస్తుంది అని రిపోర్టు వస్తుంది, డాక్టరుగారు దాన్ని చూసి రాసిన మందు ఎన్ని రోజులు రాస్తే అన్ని రోజులూ వేయాలి, పాలు మర్నాటికే బాగున్నా సరే. ట్యూబు ఎక్కించేటప్పుడు కూడా చన్ను మొన స్పిరిట్‌తో తుడవకపోతే మందుతోపాటు పేడలోని సూక్ష్మజీవిని మన చేత్తోనే లోపలికి తోసినట్టవుతుంది. ధార రావడం లేదని చీపురు పుల్ల, వేప పుల్ల దూర్చే అలవాటు కొన్ని ఊళ్లలో ఇంకా ఉంది, దయచేసి ఆ పని మాత్రం చేయకండి. లోపలి సన్నటి పొర చీలితే ఆ చన్ను ఇక జన్మలో సరిగ్గా మూసుకోదు.

రిపోర్టులో ఆరియస్ అనే వచ్చి, చన్ను ఇప్పటికే రాయిలా గట్టిపడి ఉంటే, పాలిచ్చే కాలంలో అది పూర్తిగా నయమయ్యే అవకాశం తక్కువ. అప్పుడు డాక్టరుతో మాట్లాడి ఆ ఒక్క చన్నునూ ముందే ఎండగట్టొచ్చు. పొదుగులో నాలుగు భాగాలు దేనికవే వేరు, ఒకదాని పాలు ఇంకోదాంట్లోకి పోవు, కాబట్టి మిగతా మూడు చన్నుల్లో పాలొస్తూనే ఉంటాయి. ఈ ఈత అయ్యాక, ఈనే తేదీకి సుమారు 60 రోజుల ముందు పాలు మాన్పించేటప్పుడు నాలుగు చన్నుల్లోనూ వట్టికాలపు (పాలివ్వని రోజుల కోసం తయారుచేసిన) ట్యూబులు వేయిస్తే, పాలిచ్చేటప్పుడు పోనిది అప్పుడు పోయే అవకాశం బాగా ఉంటుంది. మన రైతుల్లో చాలామంది ఈ ఒక్క పనీ వదిలేస్తున్నారు. పాలివ్వని ఆవుకు డబ్బెందుకు పెట్టాలి అనుకుంటారు, కానీ పొదుగు బాగు చేసుకోవడానికి అంతకంటే మంచి సమయం లేదు. అప్పటికీ మారకుండా రెండు మూడు చన్నులకు పాకితే, అప్పుడు ఆవును మందలో ఉంచడం గురించి ఆలోచించండి, ఎందుకంటే పితికే చేతుల ద్వారా మిగతా ఆవులకు జబ్బు ఇచ్చేది అదే. అలా అని సంగతి దాచిపెట్టి ఇంకో రైతుకు అంటగట్టడం నాకు ఇష్టం లేదు.

అత్తమ్మగారు దిష్టి తీస్తానంటే తీయనివ్వండి, దానివల్ల ఆవుకు నష్టమేమీ లేదు. కానీ పాలు ఎవరు పితుకుతున్నారో, ఎలా పితుకుతున్నారో ఒక పూట పక్కన కూర్చుని చూడండి. బొటనవేలు మడిచి, ఆ కణుపుతో చన్నును నొక్కి లాగుతుంటే చాలావరకు కారణం అక్కడే ఉంటుంది. అలా పితికితే లోపల నలిగి పుండవుతుంది. పిడికిలి నిండా పట్టుకుని పై వేలి నుంచి కిందికి వరసగా నొక్కాలి.

మీరు అడగలేదు గానీ ఇంకో మాట. మందు వేసిన రోజుల్లో పాలు ఏం చేశారు? ఒక చన్నులో ట్యూబు వేసినా నాలుగు చన్నుల పాలూ కేంద్రానికి పోయకూడదు. ట్యూబు పెట్టె మీద ఎన్ని గంటలు, ఎన్ని రోజులు ఆపాలో రాసి ఉంటుంది. అలా నిర్ధారించిన గడువు లేని మందుకు పాల విషయంలో కనీసం 7 రోజులు ఆపాలని కేంద్ర ప్రభుత్వం 2012లో నియమం పెట్టింది. ఆ పాలతో పెరుగు కూడా సరిగ్గా తోడుకోదు, ఇంట్లోనే గమనించి ఉంటారు. దూడకు కూడా పట్టకండి. నష్టం అనిపిస్తుంది, నాకు తెలుసు, కానీ ఆ పాలు తాగేది ఎవరో ఒకరి బిడ్డే.

ప్రశ్న: పది ఆవులతో డెయిరీ పెట్టాను. వాపు లేదు, పాలు చూడటానికి బాగానే ఉన్నాయి, కానీ రోజురోజుకూ తగ్గుతున్నాయి. పాలకేంద్రంలో ఎస్ఎన్ఎఫ్ (పాలలో వెన్న కాకుండా ఉండే ఘనపదార్థాలు) తక్కువ వస్తోంది, నీళ్లు కలిపావా అని అడుగుతున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. – ఒక యువ రైతు, నల్గొండ జిల్లా

నీళ్లు కలపకుండానే ఎస్ఎన్ఎఫ్ పడిపోవచ్చు బాబూ. మేత సరిపోకపోయినా పడుతుంది, అది కూడా చూసుకోండి. కానీ పాలు కూడా తగ్గుతున్నాయంటున్నారు కాబట్టి ముందు పైకి కనిపించని పొదుగువాపు ఉందేమో తేల్చుకోవాలి. కనిపించే జబ్బు కంటే ఇదే ఎక్కువ ఆవుల్లో ఉంటుంది, రైతు డబ్బు ఎక్కువగా పోయేదీ దీనివల్లే. సూక్ష్మజీవి లోపల చేరగానే దాంతో పోరాడటానికి రక్తంలోంచి తెల్లకణాలు పాలలోకి దిగుతాయి. ఆరోగ్యంగా ఉన్న ఆవులో మిల్లీలీటరుకు 2 లక్షలకు లోపే ఉండే కణాలు బాగా పెరిగిపోతాయి, పాలు తయారుచేసే కణాలు దెబ్బతిని లాక్టోజు (పాలలోని చక్కెర), కేసిన్ (పాలలోని ప్రోటీన్) తగ్గుతాయి, ఉప్పు పెరుగుతుంది. అందుకే మీ ఎస్ఎన్ఎఫ్ అలా వస్తుండొచ్చు. కొన్నిసార్లు ఆ పాలు నాలుక మీద కొంచెం ఉప్పగా తగులుతాయి కూడా.

దీన్ని కొట్టంలోనే పట్టుకోవచ్చు. సీఎంటీ (కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్ట్) అని 1957లో కాలిఫోర్నియాలో తయారుచేసిన పరీక్ష, నాలుగు గుంటల ప్లాస్టిక్ పళ్లెం, ఒక ద్రావణం, అంతే. ఒక్కో చన్ను పాలు ఒక్కో గుంటలో కొద్దిగా పట్టి, అంతే ద్రావణం పోసి గుండ్రంగా తిప్పితే జబ్బున్న పాలు జిగురుగా, జెల్లీలా చిక్కబడతాయి. కిట్ దొరక్కపోతే అరలీటరు నీటిలో 15 గ్రాముల బట్టల సబ్బు పొడి కరిగించి అదే పని చేయొచ్చు, ఫలితం అంత కచ్చితంగా ఉండదు గానీ ఎంతో కొంత తెలుస్తుంది. ఈనిన మొదటి వారంలోనూ, వట్టిపోయే ముందూ ఈ పరీక్ష నమ్మకండి, అప్పుడు మంచి పాలు కూడా చిక్కబడతాయి. నెలకోసారి పది ఆవులకూ చేసి నోటుబుక్కులో రాసుకోండి, ఏ ఆవు, ఏ చన్ను అని. తేలిన వాటన్నిటికీ యాంటీబయాటిక్ ట్యూబులు కొనేయకండి, చాలావాటికి అవసరమే ఉండదు. జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి సంస్థ వాళ్లు ఇలాంటి వాటికి ట్రైసోడియం సిట్రేట్ పొడిని నోటి ద్వారా ఇచ్చే పద్ధతిని ప్రోత్సహించారు, మీ డాక్టరును అడిగి మోతాదు రాయించుకోండి.

ఇక వరస మార్చండి. తొలిచూలు ఆవులను ముందు, ఆరోగ్యంగా ఉన్నవాటిని తర్వాత, జబ్బున్నవాటిని చివర పితకాలి. మిషన్ అయినా ఇదే వరస. పది పొదుగులకూ ఒకే గుడ్డ వాడితే జబ్బును మనమే ఇంటింటికీ పంచినట్టు, ఆవుకో గుడ్డ పెట్టండి, రోజూ ఉతికి ఎండలో ఆరేయండి. మొదటి ధారలను నల్లటి పళ్లెంలో పట్టి చూడండి, తునకలుంటే వెంటనే తెలుస్తాయి, నేల మీద మాత్రం పితకొద్దు. పితకడం అయ్యాక ప్రతి చన్నునూ అయోడిన్ కప్పులో ముంచాలి, పశువుల మందుల షాపులో ఇందుకే తయారుచేసింది అడగండి. ఆ తర్వాత ఆవు వెంటనే పడుకోకుండా పచ్చిమేత వేయండి. పాలు తీసిన అరగంట నుంచి గంటదాకా చన్ను రంధ్రం తెరుచుకునే ఉంటుంది, ఆ కాసేపు తడి పేడలో పడుకుంటే ఇ.కోలై లాంటి పేడలోని బ్యాక్టీరియా తేలిగ్గా లోపలికి పోతాయి. చెప్పినవాటిలో ఖర్చు లేనిది ఇదే, అయినా చాలా డెయిరీల్లో జరగనిదీ ఇదే.

ప్రశ్న: బర్రెలకు పొదుగువాపు రాదంటారు, నిజమేనా? – ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా

వస్తుంది. బర్రె చన్ను కండరం గట్టిగా మూసుకుంటుంది కాబట్టి సంకర జాతి ఆవులతో పోలిస్తే తక్కువ, అంతే. పాలు బాగా ఇచ్చే ముర్రా జాతి బర్రె అయితే జాగ్రత్తలన్నీ ఆవులాగే తీసుకోండి.

ప్రశ్న: కలబంద, పసుపు పూస్తే తగ్గుతుందని ఫోన్లో చూశాను. నమ్మొచ్చా? – ఒక పాఠకురాలు, సిద్దిపేట జిల్లా

అది జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి సంస్థ కూడా రైతులకు చెబుతున్న పద్ధతేనమ్మా. కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, తాంబూలంలో వాడే సున్నం 15 గ్రాములు కలిపి నూరితే ఎర్రటి ముద్ద అవుతుంది. పొదుగు కడిగి, పాలు మొత్తం తీసేసి, గుప్పెడు ముద్దలో 150 నుంచి 200 మిల్లీలీటర్ల నీళ్లు కలిపి పొదుగంతా పూయాలి, రోజుకు పదిసార్లు, ఐదు రోజులు. రోజూ రెండు నిమ్మకాయలు కోసి మూడు రోజులు తినిపించాలి. ఒకసారి పూసి తగ్గలేదనేవాళ్లు ఎక్కువ, పదిసార్లు పూయడమే ఇందులో అసలు పని.

జబ్బు మొదట్లో, ఆవు మేత మేస్తూ చురుగ్గా ఉంటే దీంతో మొదలుపెట్టండి. కానీ ఆవు ఈనిన కొద్ది రోజుల్లో మేత మానేసి, జ్వరంతో వణుకుతూ, పాలు పసుపుపచ్చని నీళ్లలా వస్తుంటే పసుపు నూరుతూ కూర్చోవద్దు. ఇ.కోలై విషం రక్తంలోకి పోయిందంటే ఒక్క రోజులో ఆవు ప్రాణం పోవచ్చు. పొదుగు చల్లబడి నీలంగా మారినా అంతే ప్రమాదం. రెండు రాష్ట్రాల్లోనూ 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది, వెంటనే చేయండి. వాళ్లు వచ్చేలోపు రెండు మూడు గంటలకోసారి ఆ చన్ను పాలు పూర్తిగా పితికి గుంటలో పోసి పూడ్చండి.

ప్రశ్న: మా పడ్డ ఇంకో పది రోజుల్లో తొలిసారి ఈనాలి. పొదుగు బాగా ఉబ్బింది, బొడ్డుదాకా వాపు ఉంది. ఇప్పుడే ట్యూబులు వేయాలా? – ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా

వద్దు. వేలితో నొక్కితే గుంట పడి కాసేపు అలాగే ఉంటే అది నీరు, తొలిచూలు పడ్డల్లో మామూలే, ఈనాక తగ్గిపోతుంది. దాణాలో అదనంగా ఉప్పు వేస్తుంటే ఆపండి, రోజూ కాసేపు నడిపించండి, పొదుగును కింది నుంచి పైకి మెల్లగా నిమరండి. బిగువుగా ఉందని ముందే పాలు పితకకండి, దూడకు కావలసిన జున్నుపాలు పోతాయి. నాలుగు భాగాలూ సమంగా ఉబ్బకుండా ఒక్కటే వేడిగా, ఎర్రగా ఉండి, ముట్టుకుంటే పడ్డ కాలు విసురుతుంటే మాత్రం అది నీరు కాదు, అదే రోజు డాక్టరుకు చూపించండి.