మొదటి సంచిక మొదలుపెట్టే ముందు

చిట్టీ,

సూపర్‌హీరోల జట్టుతో కామిక్ సిరీస్ మొదలుపెడుతున్నావని అన్నయ్య చెప్పాడు. ఎంత సంబరపడ్డానో అంత టెన్షన్ కూడా పట్టుకుంది. కామిక్స్ ఎడిటింగ్‌లోనే తల నెరిసినవాణ్ణి, ఊరుకోలేక రాస్తున్నాను.

నీడ మాత్రమే గీసినా ఎవరెవరో తెలియాలి. డైలాగుల బెలూన్లు కిక్కిరిస్తే బొమ్మకు ఊపిరాడదు. ఇవి నీకు తెలిసినవే.

నా భయమల్లా హాజరుపట్టీ గురించి. ఏడుగురు హీరోలు, ఒక్కొక్కరికి రెండేసి పేజీలు: పేరు, శక్తి, ఒక గుద్దు, నెక్స్ట్! అలాంటి మొదటి సంచికలు నా బల్ల మీదికి ఎన్నో వచ్చాయి. ఎవరూ ఎవరి మొహం చూడరు. చివర్లో విలన్ రాగానే వరసగా నిలబడి "ఇక మనమంతా ఒక జట్టు" అంటారు. ఎందుకట? ఒక కుర్రాడు అద్భుతంగా గీసేవాడు. ఇదే అడిగితే "వాళ్ల గొడవలు రెండో సంచికలో పెడతాను సార్" అన్నాడు. రెండో సంచిక రానేలేదు. వాడి గీతలో ఉన్న ఒడుపే నీ గీతలోనూ ఉంది తల్లీ, అందుకే ఇంత కేకలేస్తున్నాను.

1961లో వచ్చిన ఫెంటాస్టిక్ ఫోర్, అదే ఆ నలుగురు హీరోల జట్టు కామిక్, మొదటి సంచిక తీసి మళ్లీ చదువు. రాసిన స్టాన్ లీ, గీసిన జాక్ కిర్బీ కూడా పాత్రల్ని ఒక్కొక్కరిగానే తెచ్చారు. కానీ వాళ్లలో రాక్షసాకారంలో ఉండే బెన్‌ని చూడు. బట్టల షాపులో అతనికి సరిపడేవి లేవు, ద్వారంలో పట్టడు, బద్దలుకొట్టుకునే బయటికొస్తాడు. బలమూ బాధా ఒక్క దెబ్బకే తెలిసిపోయాయి. తర్వాత ఫ్లాష్‌బ్యాక్: నాయకుడు రీడ్ రాకెట్‌లో నలుగురూ అంతరిక్షానికి వెళ్తే కాస్మిక్ కిరణాలు తగిలి శక్తులొస్తాయి, బెన్‌కి ఆ ఆకారమూ వస్తుంది. కాస్మిక్ కిరణాలతో ప్రమాదమని ముందే మొత్తుకున్నవాడు అతనే. జట్టులోని సూ అనే అమ్మాయి అతన్ని పిరికివాడంటే ఆ మాట పడలేక రాకెట్ తనే నడిపాడు. మిగతా ముగ్గురూ కావాలంటే మామూలు మనుషుల్లా తిరగగలరు, అతను తిరగలేడు. రీడ్ తీర్చలేని బాకీ అది. జట్టు యూనిఫాం మూడో సంచికలో గానీ రాలేదు. ఆ బాకీ ఉన్నాక యూనిఫాంతో పనేముంది?

నీ జట్టులో ఎవరు ఎవరికి బాకీ? తొలి ఆరు పేజీల్లోనే అది కనబడాలి. నాయకుడు చెప్పిందల్లా కరెక్టే అవుతుంటే పక్కవాళ్లకు మాట్లాడే పనే ఉండదు, అతన్ని ఒక్కసారైనా తప్పు చెయ్యనివ్వు. జట్టు వదిలి వెళ్లిపోగలిగినవాడు ఒకడుండాలి. 1963లో అవెంజర్స్ మొదలైనప్పుడు హల్క్ రెండో సంచికకే వెళ్లిపోయాడు, నమ్మకం కుదరక. తక్కువ మాట్లాడే పాత్రను మాత్రం వెనక వరసలో మర్చిపోకు. చిన్నప్పుడు నువ్వూ నలుగురిలో నోరు మెదిపేదానివి కాదు, నీకు వేరే చెప్పాలా?

ఆ ఆరు పేజీల రఫ్ స్కెచ్‌లు పంపు. డైలాగులు వద్దు. ఎవరు ఎవరికి దూరంగా నిలబడ్డారో చూస్తే సగం కథ నాకు తెలిసిపోవాలి. రాత్రిళ్లు మేలుకుని గియ్యకు, మణికట్టు నొప్పిపెడితే ఆపెయ్, గడువు నేను మాట్లాడి పెంచిస్తాను.

మీ బాబాయ్