లారీ ఎవరిది, రశీదు ఎవరిది?
(సరుకు రవాణాపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: నేను గుంటూరులో మిర్చి వ్యాపారిని. యార్డులో కొన్న సరుకును శీతల గిడ్డంగిలో ఉంచి, ధర కుదిరినప్పుడు ఢిల్లీకి, కోల్‌కతాకు పంపుతుంటాను. ఎప్పుడూ పంపే ట్రాన్స్‌పోర్టులో లారీ దొరకని ఒక రోజున, ఫోనులో పరిచయమైన బ్రోకరు మార్కెట్టు కిరాయి కంటే ఎనిమిది వేలు తక్కువకే లారీ పెట్టాడు. 350 టిక్కీల (బస్తాల) తేజ రకం మిర్చి ఎత్తాను. ఢిల్లీలో దింపేసరికి 11 టిక్కీలు తక్కువ వచ్చాయి. బ్రోకరేమో లారీని చూపించడం వరకే తన పని అంటున్నాడు. ఆ లారీకి రశీదు ఇచ్చిన ట్రాన్స్‌పోర్టు వారు దానిమీద ‘ఓనర్స్ రిస్క్’ (నష్టం వస్తే సరుకు యజమానిదే) అని అచ్చయి ఉన్న మాట చూపిస్తున్నారు. నా డబ్బు వస్తుందా? ఇకమీదట నమ్మకమైన ట్రాన్స్‌పోర్టును గుర్తించడం ఎలా? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ముందుగా గడువు సంగతి చూసుకోండి. సరుకు బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల లోపల, నష్టం వివరాలతో ట్రాన్స్‌పోర్టు వారికి రాతపూర్వకంగా నోటీసు అందకపోతే, ఆ తర్వాత మీరు ఎంత గట్టి సాక్ష్యం చూపినా దావా నిలవదు. లెక్క దింపిన తేదీ నుంచి కాదు, బుక్ చేసిన తేదీ నుంచి అన్నది గుర్తుంచుకోండి. ‘వచ్చే వారం చూద్దాం, మా వాడితో మాట్లాడతాం’ అంటూ ఐదారు నెలలు తిప్పే ట్రాన్స్‌పోర్టులకు ఈ లెక్క బాగా తెలుసు. ఫోనులోనూ వాట్సాపులోనూ మాట్లాడుకున్నదానితో సరిపెట్టుకోకుండా, ఈ వారంలోనే రిజిస్టర్డు పోస్టులో నోటీసు పంపి, పోస్టు రశీదు దాచుకోండి.

బ్రోకరు చెప్పే మాటకు చట్టంలో ఆధారం లేదు. 1865 నాటి పాత చట్టం స్థానంలో వచ్చి, 2011 నుంచి అమల్లో ఉన్న 2007 నాటి రోడ్డు రవాణా చట్టం, సరుకు బుక్ చేసుకునే కంపెనీతో పాటు ఏజెంటును, బ్రోకరును కూడా రవాణాదారు అన్న నిర్వచనంలోనే చేర్చింది. ఇక ‘ఓనర్స్ రిస్క్’ సంగతి. ఆ రెండు మాటలు అచ్చు వేసుకున్నంత మాత్రాన రవాణాదారు తన నిర్లక్ష్యానికి బాధ్యత తప్పించుకోలేడని సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది. పైగా సరుకు పోయిందని మీరు చూపితే చాలు, అది ఎవరి నిర్లక్ష్యం వల్ల పోయిందో నిరూపించే భారం చట్టం మీమీద పెట్టలేదు. ఆ మాట చదివి చాలామంది వ్యాపారులు కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోతారు కాబట్టే దాన్ని ఇప్పటికీ అచ్చు వేస్తూనే ఉన్నారని నా అభిప్రాయం.

అయితే బాధ్యతకు ఒక హద్దు ఉంది, అది మీరు తెలుసుకోవలసిందే. సరుకు విలువను ముందుగా ప్రకటించి, దానికి తగిన ఎక్కువ రేటు ఒప్పుకోకపోతే, రవాణాదారు ఇవ్వవలసిన పరిహారం కిరాయికి పది రెట్లకు మించదు. మీ లోడునే తీసుకుందాం. కిరాయి 70,000 రూపాయలు అనుకుంటే హద్దు 7 లక్షలు. టిక్కీకి 42 కిలోల చొప్పున 350 టిక్కీలంటే 147 క్వింటాళ్ళు, క్వింటాలు 15,000 అనుకున్నా సరుకు విలువ 22 లక్షలు దాటుతుంది. 11 టిక్కీల నష్టం 70,000 లోపే కాబట్టి ఈసారి ఆ హద్దు మీకు అడ్డు రాదు. లారీ లారీయే మాయమైతే మాత్రం, మీ చేతిలో ఎంత మంచి రశీదు ఉన్నా, మూడింట రెండు వంతుల డబ్బుకు చట్టం దారి చూపదు. ఆ తేడాను పూడ్చేది బీమా ఒక్కటే, దాని గురించి కింద మరో పాఠకురాలికి చెబుతున్నాను.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. ఎనిమిది వేలు తక్కువకు లారీ ఎలా వచ్చిందని ఆ రోజు మీరు ఒక్కసారి ఆలోచించి ఉంటే బాగుండేది. డీజిలు, టోలు, డ్రైవరు బత్తా, తిరుగు ప్రయాణంలో ఖాళీగా రావలసి వస్తే ఆ భారం, ఇవేవీ మీ కోసం తగ్గవు. ఎనిమిది వేలు తగ్గిన ఆ కిరాయిలోంచి బ్రోకరు కమీషను కూడా పోయాక, ఆ లోటు దారిలో ఎక్కడో ఒకచోట పూడాలి. ధాబా వెనక నాలుగు టిక్కీలు దిగడం అక్కడే మొదలవుతుంది. అందుకే నేను ట్రాన్స్‌పోర్టు ఆఫీసులోకి వెళ్ళేముందు దాని ఎదురుగా ఉన్న టీ కొట్టులో కాసేపు కూర్చుంటాను. ఆ ఆఫీసు డ్రైవర్లకు మిగులు కిరాయి ఎన్ని రోజులకు ఇస్తుందో, హమాలీల కూలి ఎప్పుడు తీరుస్తుందో అక్కడ దాపరికం లేకుండా తెలుస్తుంది. డ్రైవరు డబ్బు నెలల తరబడి తొక్కిపెట్టే ఆఫీసుకు, అద్దాల గదీ ఏసీ ఉన్నా సరే, నేను నా సరుకు ఇవ్వను.

ఆఫీసులో చూడవలసినది ముఖ్యంగా ఒకటే. రశీదు మీద ఎవరి పేరుందో, రవాణా శాఖ ఇచ్చిన రిజిస్ట్రేషను ఎవరి పేరు మీద ఉందో, మీరు డబ్బు వేసే బ్యాంకు ఖాతా ఎవరిదో, ఈ మూడూ ఒకే పేరు కావాలి. ఈ వ్యాపారం చేసేవారు ఆ రిజిస్ట్రేషను తప్పనిసరిగా తీసుకోవాలి, ఇచ్చిన పత్రం పదేళ్ళు చెల్లుతుంది, చూపించమంటే నొచ్చుకోవలసిన పని లేదు. జీఎస్టీ నంబరును పోర్టలులో కొట్టి, పేరుతో పాటు ఎప్పటి నుంచి నమోదై ఉన్నారో కూడా చూడండి. పేరున్న ట్రాన్స్‌పోర్టు పేరులో ఒక్క అక్షరం మార్చి, నిరుడో మొన్ననో మొదలుపెట్టిన సంస్థలు ఇలాగే బయటపడతాయి. అడ్వాన్సును డ్రైవరు ఫోను నంబరుకు వేయమంటే ఆ లోడు ఎత్తకండి.

లారీ వచ్చాక ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఫిట్‌నెస్, పర్మిట్, బీమా గడువులు చూడటం ఇప్పుడు చాలామంది చేస్తున్నారు. అది మంచిదే గానీ, దొంగ నంబరు ప్లేటు పెట్టుకున్నవాడు సరైన కాగితాలున్న లారీ నంబరే ఎంచుకుంటాడు. కాబట్టి ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసి, ఆర్సీలోని నంబరుతో పోల్చే పాత పద్ధతిని వదలకండి. డ్రైవరును లారీ ముందు నిలబెట్టి, నంబరు ప్లేటు కనిపించేలా ఫొటో తీయండి. లారీ యజమానికి మీరే ఫోను చేసి, ఫలానా డ్రైవరుతో ఫలానా ఊరికి లోడు ఎత్తుతున్నామని చెప్పండి. బ్రోకరు చెప్పినదానికీ యజమాని చెప్పినదానికీ పొంతన లేకపోవడం నేను ఒకటికి రెండుసార్లు చూశాను.

మిర్చి విషయంలో టిక్కీలు తగ్గడం కంటే టిక్కీల్లో సరుకు తగ్గడమే పట్టుకోవడం కష్టం. ఒకసారి మా సొంత లోడులో లెక్క సరిగ్గా సరిపోయింది, కాటా తూకమూ సరిపోయింది. దింపుతున్న హమాలీ కుర్రాడు ఒక టిక్కీ మూతిని చూపించి, ‘ఇదేంటండీ, దీని దారం తెల్లగా ఉంది’ అన్నాడు. మా గిడ్డంగిలో అన్నీ ఎర్ర పురికొసతో కుడతారు. వెతికితే అలాంటివి వందకు పైగా తేలాయి. ఒక్కోదాని కుట్టు విప్పి రెండేసి కిలోలు తీసి, మళ్ళీ కుట్టేశారు. మరి కాటా ఎలా సరిపోయింది? గుంటూరులో లోడుతో తూచినప్పుడు డీజిలు ట్యాంకు దాదాపు ఖాళీ. దింపేచోట కాటా ఎక్కే ముందు డ్రైవరు నిండా పోయించాడు. 300 లీటర్ల డీజిలు సుమారు 250 కిలోలు తూగుతుంది, అంటే ఇంచుమించు ఆరు టిక్కీల మిర్చి. అప్పటినుంచి ఖాళీ లారీ తూకం, లోడు తూకం, రెండు చీటీల మీదా డీజిలు ఎంతుందో రాయిస్తున్నాను. దింపేచోట ఖాళీ అయ్యాక కూడా లారీని తూయించమంటున్నాను. అలా చేస్తే లోడు తూకంలోంచి ఖాళీ తూకం తీసివేసేటప్పుడు డీజిలు బరువు దానంతటదే పోతుంది. మీరు కూడా మీదంటూ ఒక రంగు దారం పెట్టుకుని, ఆ సంగతి ఢిల్లీ పార్టీకి మాత్రమే చెప్పండి.

పట్టా కట్టాక మోకు ముడులను నాలుగు వైపులా ఫొటో తీసి పంపండి. మూసి ఉన్న కంటైనరైతే సీలు నంబరు రశీదులో రాయించండి. అయితే సీలు తెగకుండానే తలుపు గొళ్ళెం బోల్టులు ఊడదీసేవాళ్ళున్నారు, కాబట్టి దింపేవారు సీలుతో పాటు బోల్టులను కూడా చూడాలి. దారిలో లారీ మారితే ఈ-వే బిల్లులో (సరుకు రవాణాకు జీఎస్టీ కింద ఆన్‌లైనులో తీసే పత్రంలో) కొత్త నంబరు ఎక్కించాలి. బిల్లు గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున ఉంటుంది గనుక ఢిల్లీ దారిలో తొమ్మిది పది రోజులు వస్తాయి. ఆ రోజుల్లో పొద్దున ఒకసారి పోర్టలు తెరిచి నంబరు మారిందేమో చూడటం పెద్ద పనేమీ కాదు. మీకు చెప్పకుండా నంబరు మారినా, నంబరు మారకుండా వేరే లారీలో సరుకు వచ్చినా, మీ లోడు మరొకరి చేతికి పోయినట్టే. లారీ జాడే తెలియకపోతే ఒక్క పూట కూడా ఆగకండి. ఏ పోలీసు స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. రవాణాకని అప్పగించిన సరుకును కాజేస్తే భారతీయ న్యాయ సంహితలోని 316వ సెక్షను కింద ఏడేళ్ళ వరకు శిక్ష ఉంది.

ప్రశ్న: మేము నిజామాబాదు నుంచి ముంబయికి పసుపు పంపుతాం. లారీకి ఎలాగూ ఇన్సూరెన్సు ఉంటుంది కదా, సరుకుకు మళ్ళీ వేరే పాలసీ ఎందుకు? – ఒక పాఠకురాలు, నిజామాబాదు

జవాబు: లారీ ఇన్సూరెన్సు లారీకీ, ఆ లారీ వల్ల దెబ్బతిన్న మూడో మనిషికీ వర్తిస్తుంది. అందులో ఉన్న మీ పసుపు కొమ్ములకు దానితో సంబంధం లేదు. సరుకుకు విడిగా ట్రాన్సిట్ పాలసీ తీసుకోవాలి, అందులో ఏ, బీ, సీ అని మూడు రకాలున్నాయి. సీ రకం అగ్నిప్రమాదానికీ పిడుగుపాటుకూ మాత్రమే. బీ రకంలో వాటితో పాటు లారీ గుద్దుకోవడం, బోల్తా పడటం, వంతెన కూలడం చేరతాయి. దొంగతనమూ, వానకు తడవడమూ కావాలంటే ‘ఏ’ రకమే తీసుకోవాలి. ప్రీమియం కొంచెం తగ్గుతుందని బీ తీసుకుని, తడిసిన బస్తాల ఫొటోలతో బీమా ఆఫీసు చుట్టూ తిరిగినవారిని నేను ఎరుగుదును. ఏడాది పొడుగునా పంపేవారికి లోడులన్నిటికీ ఒకటిగా ఉండే ఓపెన్ పాలసీ సులువు, కాకపోతే పంపిన ప్రతి లోడునూ తప్పకుండా తెలియజేయాలి.

ఈ మూడు రకాల్లో దేనిలోనూ రానివి కొన్ని ఉన్నాయి. ఆలస్యం వల్ల కలిగే నష్టం, సహజంగా ఆరి తూకం తగ్గడం, సరిగ్గా కట్టని మూటలు చిరగడం అలాంటివి. లారీ ఆ ఊరు చేరిన ఏడు రోజులతో పాలసీ ముగుస్తుంది, కాబట్టి కొనేవాడు దింపుకోవడానికి సాకులు చెబుతుంటే ఆ రోజులు లెక్కపెట్టుకోండి. మరొక మాట, ముంబయిలో సరుకు దించుకునే గుమాస్తా అలవాటు కొద్దీ రశీదు వెనక ‘సరుకు బాగా అందింది’ అని సంతకం పెట్టేస్తాడు. బీమా కంపెనీ మీకు డబ్బు ఇచ్చాక మీ స్థానంలో నిలబడి రవాణాదారు నుంచి వసూలు చేసుకోవాలి, ఆ సంతకం దానికి గొడ్డలిపెట్టు. ఎన్ని బస్తాలు తక్కువ, ఎన్ని తడిసినవి అన్నది రశీదు మీదే రాసి, డ్రైవరు చేత సంతకం పెట్టించాకే తన సంతకం పెట్టమని చెప్పండి.

ప్రశ్న: హైదరాబాదు నుంచి పుణెకు ఉద్యోగం మారుతున్నాను. ఇంటి సామాను పంపడానికి ప్యాకర్స్ వాళ్ళు 28,000 అడిగారు. సామాను ఎత్తాక రేటు పెంచేస్తారని మిత్రులు భయపెడుతున్నారు. ఈ-వే బిల్లు పేరుతో మరో రెండు వేలు కావాలంటున్నారు. ఏమి చేయాలి? – ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: ఆ రెండు వేలు ఇవ్వకండి. సొంతంగా వాడుకున్న ఇంటి సామానుకు ఈ-వే బిల్లు అక్కరలేదు. దానివల్ల వచ్చే చిక్కు ఏమిటంటే, వ్యాపార సరుకు లాగా మీ సామానుకు ప్రభుత్వ పోర్టలులో ఎక్కడా జాడ ఉండదు, మీరు రాసుకున్న జాబితాయే దానికి ఏకైక సాక్ష్యం. కాబట్టి ప్రతి పెట్టెకూ నంబరు వేసి, ఫ్రిజ్జు తలుపు మీది పాత గీత వరకు రాసి, ప్యాకర్స్ మనిషి చేత సంతకం పెట్టించండి. ఫోనులో చెప్పిన రేటు రేటు కాదు. మనిషిని ఇంటికి పిలిచి సామాను చూపించి, మెట్ల కూలితో సహా మొత్తం ఎంతో కంపెనీ కాగితం మీద రాయించుకోండి. సామాను ఎక్కేది వాళ్ళ సొంత లారీయా, మరొకరిదా అని అడిగి, లారీ నంబరుతో రశీదు తీసుకోండి. సగానికి మించి ముందుగా ఇవ్వకండి. బంగారం, సర్టిఫికెట్లు మీతోనే ఉంచుకోండి.

నిజంగానే సామాను పట్టుకుని ఎక్కువ అడిగితే, ఆ డిమాండును మెసేజీలో రాయించుకుని పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కి కూడా ఫోను చేయండి. వ్యాపారం కోసం సరుకు పంపే పై ఇద్దరు పాఠకులకు సులువుగా దొరకని ఒక సౌకర్యం మీకు ఉంది. సొంత అవసరానికి సేవ కొనుక్కున్నారు గనుక మీరు వినియోగదారు, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే ఊరిలోని కమిషనులోనే కేసు వేయవచ్చు. అప్పటికి మీరు పుణెలో ఉంటారు కాబట్టి పుణెలోనే వేయవచ్చు, హైదరాబాదుకు తిరిగే పని ఉండదు.