కోడలి సంగతి తర్వాత, ముందు కొడుకు దగ్గర కూర్చోండి

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. నా వయసు 67. మా అబ్బాయి రొయ్యల ప్లాంటులో సూపర్‌వైజరు, మామూలు ఉద్యోగం చేసుకుంటూనే పిలుపు వచ్చినప్పుడు వెళ్లి పనిచేసే టెరిటోరియల్ ఆర్మీలో జవాను కూడా. రెండేళ్లు కశ్మీరులో డ్యూటీ చేసి దసరాకు వచ్చాడు. అప్పటి నుంచి సరిగా నిద్రపోడు, రాత్రుళ్లు మా రొయ్యల చెరువు గట్టు మీద తిరుగుతాడు. సంక్రాంతికి కోడిపందేల బరి దగ్గరకు తీసుకువెళితే మధ్యలోనే వచ్చేశాడు. బంధువుల ముందు తల తీసేసినట్టయి వాడి మీద కోప్పడ్డాను. ప్లాంటులో వాడి స్థానంలో మరొకరిని పెట్టి, తక్కువ జీతానికి రమ్మంటున్నారు. అక్కడ ఏం జరిగిందో నేను అడగలేదు, మగపిల్లవాడిని ఏమని అడుగుతాం? వాడు లేనప్పుడు చెరువు, బ్యాంకు లెక్కలు కోడలు చూసింది. చెక్కుపుస్తకం ఇప్పటికీ ఆమె దగ్గరే ఉంది. ఇంట్లో విలువ లేకపోతే మగవాడి మనసు కుంగదా? లెక్కలు వాడికి అప్పగించమని కోడలికి ఎలా నచ్చజెప్పాలి? మాధవరం వాళ్లు ప్రపంచ యుద్ధాలకు వెళ్లి వచ్చారు, ఎవరికీ ఇలాంటిది రాలేదు.

జవాబు: కోడలికి నచ్చజెప్పవలసిందేమీ లేదు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చెక్కుపుస్తకం కావాలని మీ అబ్బాయి అడిగినట్టు ఎక్కడా లేదు, అడుగుతున్నది మీరు. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతుందని, ఆ వేళ నీళ్లలోకి గాలి కలిపే ఏరేటరు ఆగితే పంటంతా పోతుందని మీకు నేను చెప్పాలా? రెండేళ్లు ఆ వేళకు లేచి, మేత లెక్క చూసుకుని, కిలోకు ఎన్ని రొయ్యలన్న కౌంటు దగ్గర బేరగాళ్లతో వాదించి సంసారం నిలబెట్టింది మీ కోడలు. ఆమె చేతిలోంచి పుస్తకం లాక్కుంటే మీ కొడుక్కి గౌరవం రాదు, ఆమెకు అవమానం మిగులుతుంది. ఇంటిని కాపాడిన మనిషిని అవమానించి ఇంకొకరిని నిలబెట్టడానికి నేను సాయం చేయను. ఆ లెక్కలు ఎవరు చూడాలో మొగుడూ పెళ్లాలు తేల్చుకుంటారు.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట వేరే ఉంది: “మగపిల్లవాడిని ఏమని అడుగుతాం?” అసలు బాధ అక్కడే ఉంది. అతను వచ్చి నెలలు గడిచాయి. ఇన్నాళ్లలో మీరు ఊళ్లో పరువు గురించి, కోడలి గురించి, చెరువు గురించి ఆలోచించారు. అతని పక్కన మంచం మీద కూర్చుని “ఎలా ఉన్నావు నాన్నా” అని మాత్రం అడగలేదు. మీకు ప్రేమ లేదని నేను అనను. లేకపోతే ఇంత పొడుగు ఉత్తరం రాసేవారే కాదు. కానీ ఆ ప్రేమ అతని దాకా చేరలేదు.

మాధవరం పేరెత్తారు కాబట్టి చెబుతాను. తాడేపల్లిగూడెం మండలంలోని ఆ ఊరిని మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ అక్కడి నుంచి మనుషులు వెళ్లారు. అలాంటి ఊళ్లో సైన్యం నుంచి వచ్చినవాడు అరుగు మీద కూర్చుంటే పక్కన అదే బతుకు చూసినవాళ్లు ఉంటారు, అతను చెప్పకపోయినా వాళ్లకు తెలుస్తుంది. మీ అబ్బాయికి ఊళ్లో అలాంటివాళ్లు ఎవరున్నారు? మామూలు జవాను డ్యూటీ ముగిశాక తన పటాలంతోనే ఉంటాడు. టెరిటోరియల్ ఆర్మీ జవాను ఒంటరిగా రైలు దిగి, వారం తిరగకుండా ప్లాంటు గేటు ముందు నిలబడాలి. నిన్నటి దాకా చేతిలో తుపాకి, ఇవాళ హాజరు పట్టీ. ఇక మాధవరంలో ఎవరికీ ఇలాంటిది రాలేదన్న మాట మీకు ఎవరు చెప్పారు? అడిగేవాళ్లు లేకపోతే చెప్పేవాళ్లూ ఉండరు.

బరి దగ్గర నుంచి వచ్చేయడం పిరికితనం కాదు. రెండేళ్లు ప్రతి గుంపునూ, ప్రతి చప్పుడునూ అనుమానంగా చూడటమే అతని ఉద్యోగం. ఆ జాగ్రత్తే అతన్ని ప్రాణాలతో మీకు అప్పగించింది. మైకులు, టపాసులు, తోపులాట మధ్య అది ఒక్కసారిగా మేలుకుంటే నిలవలేక వచ్చేశాడు. ఈ ఏడాది జాతరలకూ సన్మానాలకూ అతన్ని లాగకండి. రాత్రంతా మేలుకునే ఉంటున్నాడు కదా అని ఏరేటర్ల కాపలా కూడా ఒప్పజెప్పకండి, నిద్రలేమి అలవాటుగా మారిపోతుంది. మేత, కొనుగోళ్ల వంటి పగటి పనులు భార్యతో కలిసి చేయనివ్వండి.

ఇన్ని నెలలు నిద్ర సరిగా లేదంటే డాక్టరుకు చూపించాల్సిందే. మానసిక వైద్యుడి పేరు వింటే ఊరు ఏమనుకుంటుందో అని ఆగకండి. ముందుగా ఇంట్లోంచే మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలిమానస్ నంబరు 14416 ఉంది, పగలూ రాత్రీ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. చావు మాట ఎత్తినా, తాగుడు పెరిగినా అపాయింట్‌మెంట్ల కోసం ఎదురుచూడకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లండి, ఒంటరిగా వదలకండి.

ప్లాంటు విషయంలో మీరు తల వంచనక్కరలేదు. 1948 నాటి టెరిటోరియల్ ఆర్మీ చట్టంలో 7ఏ సెక్షను ఉంది. సైనిక విధులకు వెళ్లిన ఉద్యోగిని, అవి ముగిశాక, అంతకుముందు కంటే తక్కువ కాని షరతులతో యజమాని తిరిగి తీసుకోవాలి. కాదంటే విషయం అధికారి ముందుకు వెళుతుంది, పనిలోకి తీసుకోమని గానీ పరిహారం ఇమ్మని గానీ ఆయన ఆదేశించవచ్చు. తక్కువ జీతానికి ఒప్పుకున్నట్టు ఎక్కడా సంతకం పెట్టవద్దని చెప్పండి. పిలుపు ఉత్తర్వు, విడుదల పత్రం నకళ్లు జతచేసి, పాత స్థానం ఇమ్మని యాజమాన్యానికి రాతపూర్వకంగా అడిగి, అందినట్టు రసీదు తీసుకోవాలి. యూనిట్‌కు కూడా రాయమనండి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో సలహా అడగండి. ఆ ఉత్తరం మాత్రం అతనే రాయాలి. మీరు వెళ్లి బతిమాలుకుంటే అతని హక్కు మీకు చేసిన దయ అయిపోతుంది.

ఇక మీరు చేయవలసింది. ఇవాళ రాత్రి అతను గట్టు మీదికి వెళితే మీరూ వెళ్లండి. కశ్మీరులో ఏం చూశావని గుచ్చి గుచ్చి అడగవద్దు, అది చెప్పాలో వద్దో అతని ఇష్టం. బరి దగ్గర కోప్పడ్డాను, తప్పు నాది అని చెప్పండి. కొడుకు ముందు ఆ మాట అంటే తండ్రి చిన్నబోడు. మొదటి రోజు అతను జవాబు చెప్పకపోవచ్చు, మర్నాడూ వెళ్లండి. ఏటా శిక్షణకు మళ్లీ పిలుపు వస్తూనే ఉంటుంది. వెళ్లాలా, మానాలా అన్న ప్రశ్న మీ ఇంట్లో లేస్తే అది అతనూ భార్యా డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాలి, వాళ్లు అడిగినప్పుడు మాత్రమే మీరు చెప్పండి.