గేమింగ్ ప్రశ్నలు, జవాబులు: సామంతులు ఎందుకు తిరగబడతారు?

ప్రశ్న: నమస్కారమండి అన్నయ్యా. నేను భీమవరంలో బీటెక్ చదువుతున్నాను. అంతరిక్షంలో సామ్రాజ్యం నడిపే స్టెల్లారిస్ ఆటని, సామంతుల కోసం వచ్చిన ఓవర్‌లార్డ్ డీఎల్‌సీ (ఆటకి అదనపు భాగం) వేసుకుని ఆడుతున్నాను. ఐదుగురు సామంతులున్నారు. ముడి వనరుల మీద 45 శాతం పన్ను వేశాను, బయటివాళ్లతో దౌత్యం వద్దన్నాను, కొత్త సిస్టమ్‌లు (నక్షత్ర మండలాలు) ఆక్రమించొద్దన్నాను, విలీనానికి కూడా ఒప్పించాను. నా ఫ్లీట్ (యుద్ధనౌకల దళం) వాళ్లందరిదీ కలిపినా రెట్టింపు ఉంటుందండి. అయినా ఇద్దరి లాయల్టీ (విధేయత) మైనస్‌లోకి పోయింది, వాళ్లలో ఒకడు పక్క సామ్రాజ్యంతో రహస్యంగా చేతులు కలిపాడు. ఎన్వాయ్‌ని (రాయబారిని) పంపినా లాభం లేదు. ఫ్లీట్ ఇంకా పెంచాలాండి? — ఓ పాఠకుడు, పాలకొల్లు

జవాబు: ఫ్లీట్ గొడవ కాసేపు పక్కన పెట్టు తమ్ముడూ. ముందు ఆ సామంతుడితో రాసుకున్న ఒప్పందం తెరువు. లాయల్టీ నెలకి ఎంత పెరుగుతోందో, ఎంత తరుగుతోందో అక్కడ ఓ చిన్న అంకె ఉంటుంది, దాని మీద మౌస్ ఆనించి ఉంచితే ఏ షరతు వల్ల ఎంత కోత పడుతోందో పద్దుల్లా చూపిస్తుంది. చాలామంది మొత్తం లాయల్టీ చూసి ప్లస్‌లోనే ఉంది కదా అని ధీమాగా ఉంటారు. నెలకి అర పాయింటు పోయినా పదేళ్లలో అరవై పోతుంది. ఎన్వాయ్ బాగుచేసేది సంబంధాలనే. దాని వల్ల లాయల్టీ కొంచెం కదులుతుంది గానీ నువ్వు పెట్టిన నాలుగు షరతులూ కలిసి కోస్తుంటే ఆ కొంచెం ఏ మూలకి?

మా తాతగారికి కాలవ శివార్లో మూడెకరాలుండేది. ఒకాయనే పదకొండేళ్లు కౌలుకి చేశాడు. ఓ ఏడు పంట బాగా పండిందని మా వాళ్లు ఎకరానికి మూడు బస్తాలు పెంచారు, ఆయన "అలాగేనండి" అన్నాడు. సార్వా కోతలవ్వగానే పొద్దున్నే వచ్చి మోటారు షెడ్డు తాళంచెవి అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు. అరుపుల్లేవు, తగువు లేదు. ఆ దాళ్వాకి చేను బీడు పడింది. అప్పుడు లెక్కేసుకుంటే మా వాళ్లు కావాలన్న తొమ్మిది బస్తాల కంటే ఆ బీడు వల్ల పోయిందే చాలా ఎక్కువ. నీ 45 శాతం చూస్తే నాకు ఆ తాళంచెవే గుర్తొచ్చింది.

ఇంకోటి, సామంతులు పెరిగేకొద్దీ ప్రతి ఒక్కరి లాయల్టీలోనూ కోత పడుతుంది. నువ్వు మూడోవాణ్ణి పట్టుకున్న రోజు మొదటి ఇద్దరికీ ఏమీ చేయకపోయినా వాళ్ల లెక్క మారిపోతుంది. ఐదుగురు ఎక్కువే, నన్నడిగితే ముగ్గురు చాలు. బుద్ధిగా ఉన్నవాళ్లలో బాగా చిన్నవాణ్ణి ఒకణ్ణి విలీనం చేసుకుంటే సంఖ్య తగ్గుతుంది. అప్పుడు మిగతావాళ్ల ఒప్పందాల్లోంచి విలీనం షరతు తీసెయ్యి. మింగేస్తానని కాగితం మీద రాసిపెట్టి ప్రేమగా ఉండమంటే ఎవడుంటాడు?

ఇక ఆ రహస్యంగా చేతులు కలిపినవాడి సంగతి. ఇది ఆట తయారుచేసినవాళ్ల ఊహ అనుకోకు, పిఠాపురం దగ్గర చందుర్తి ఉంది చూడు, అక్కడ జరిగింది ఇదే. 1753లో ఉత్తర సర్కారులు ఫ్రెంచివాళ్ల చేతికొచ్చాయి. విజయనగరం రాజులు వాళ్ల పక్షాన ఉండేవాళ్లు, 1757 బొబ్బిలి యుద్ధంలోనూ వాళ్లతోనే ఉన్నారు. ఆ మరుసటి ఏడే ఆనంద గజపతి రాజు ఫ్రెంచివాళ్ల దగ్గర విశాఖపట్నం లాక్కుని బెంగాల్లో ఉన్న ఇంగ్లీషు కంపెనీవాళ్ల క్లైవ్‌కి కబురు పెట్టాడు. క్లైవ్ పంపిన ఫోర్డ్ సేనతో దిగాడు, 1758 డిసెంబర్‌లో చందుర్తి దగ్గర ఫ్రెంచి సేన ఓడిపోయింది, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కూడా పోయింది. అసంతృప్తిగా ఉన్న సామంతుడు ఒంటరిగా తిరగబడలేదు, ఇంకో పెద్దవాణ్ణి తెచ్చుకున్నాడు. అందుకే సామంతుల ఫ్లీట్లన్నీ కలిపి నీదాంట్లో సగమే అన్న నీ లెక్క పనికిరాదు, వాడి వెనకున్నవాడి ఫ్లీట్ కూడా కలిపి చూడాలి.

కాబట్టి ముందు వాడి పన్ను 15కి దించు, వీలైతే తీసేసి ఎదురు సాయం ఇయ్యి. దౌత్యం మీద ఆంక్ష కూడా సడలించు. వాడి మీదకి ఎవరొచ్చినా నువ్వు యుద్ధంలోకి దిగుతానని ఒప్పందంలో రాయి. ఇవన్నీ ఒకేసారి మార్చు, ఎందుకంటే మార్పుకి ఇన్‌ఫ్లుయెన్స్ (ఆటలో పలుకుబడి పాయింట్లు) ఖర్చవుతుంది, ఒకసారి మార్చాక కొన్నేళ్లు మళ్లీ ముట్టుకోనివ్వదు. ఫ్లీట్‌ని మాత్రం వాడికీ ఆ పక్కవాడికీ మధ్య సరిహద్దులో నిలబెట్టు, ఈలోపే యుద్ధం వస్తే పనికొస్తుంది.

ప్రశ్న: స్టెల్లారిస్‌లోనే సామంతుల రకాలైన ప్రాస్పెక్టోరియం, స్కాలరియం, బుల్వార్క్‌లలో మొదటి సామంతుణ్ణి ఏది చేయాలి? — ఓ పాఠకురాలు, రావులపాలెం

జవాబు: ప్రాస్పెక్టోరియం ముడిసరుకు ఇస్తుంది, స్కాలరియం పరిశోధన ఇస్తుంది, బుల్వార్క్ కాపలా కాస్తుంది. మొదటివాణ్ణి స్కాలరియం చేయమంటాను నేను, ఖనిజాలు మార్కెట్లో కొనుక్కోవచ్చు గానీ పరిశోధన కొనలేం కదా. మీకు పొరుగున గొడవపడే సామ్రాజ్యం ఉంటే మాత్రం ఆ సరిహద్దులో ఉన్నవాణ్ణి బుల్వార్క్ చేసేయండి, వాణ్ణి మీరే పోషించాల్సి వస్తుంది, ఏం పర్లేదు.